మైకుసెట్టువాడి సణుగుడు

పాటగాడు పోతే ఏం చెయ్యాలో ఈ కాలంవాళ్ళకి తెలీదు. ఏడవడం తెలుసు, పొగడడం తెలుసు, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం మరీ బాగా తెలుసు. పోయినవాడి పాట ఒకటి పెట్టుకుని, నోరు మూసుకుని, చివరిదాకా వినడం మాత్రం చేతకాదు. ముసలాడి చాదస్తం అంటారా? అనండి. డెబ్భై దాటాక చాదస్తం కాక ఇంకేం మిగిలింది నాకు?

ముందే చెబుతున్నాను, నాకు సంగీతం రాదు. రాగాల పేర్లు పదో పన్నెండో తెలుసు, అవీ విని పట్టుకున్నవే. కానీ పాటల్ని భుజాన మోసినవాణ్ణి. తెనాలిలో మా మావయ్యకి మైకుసెట్టు షాపుండేది. ఎస్సెల్సీ తరవాత చదువు అబ్బక అందులో చేరాను. అహూజా యాంప్లిఫయరు, రెండు హారన్లు, ఒక బ్యాటరీ, రికార్డుల పెట్టె, చుట్టలు చుట్టిన వైరు రిక్షాలో వేసుకుని పెళ్ళిళ్ళకీ, శ్రీరామనవమి పందిళ్ళకీ, ఎలక్షన్లకీ తిరిగేవాళ్ళం. హారన్లు కట్టడానికి వేపచెట్టు ఎక్కేది నేనే. తెల్లవారుజామున ముందు దేవుడి పాట పడాలి, ఆ తరవాతే సినిమా పాట. ఏ రికార్డు మీద ఎక్కడ గీత పడిందో, ఏ చరణం దగ్గర ముల్లు ఎగిరి దూకుతుందో చీకట్లో అడిగినా చెప్పేవాణ్ణి. ఆ పెట్టెలో సగం పైన ఘంటసాలే.

ఆయన పోయింది 1974 ఫిబ్రవరి 11, సోమవారం, మద్రాసులో. యాభై ఒక్క ఏళ్ళు. ఇప్పుడైతే ఆ వయసువాణ్ణి హీరో అంటున్నారు, కాలేజీ కుర్రాడి వేషం కూడా ఇస్తున్నారు.

మాకు కబురు రేడియోలో తెలిసింది. షాపుకి ఎదురుగా మంగలి షాపులో రేడియో ఉండేది. వార్తల్లో ఆ మాట వినపడగానే, సగం గడ్డం గీయించుకున్న మనిషి ఒకాయన మెడకి గుడ్డతో, రెండో చెంపకి నురగతో అలాగే రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాడు. ఎవరికి చెప్పాలో తెలియక మావయ్యని చూసి, "విన్నావా?" అన్నాడు. మావయ్య వినలేదు, టంకం పెట్టుకుంటున్నాడు. చెబితే టంకం కడ్డీ కింద పెట్టాడు. అంతే. టీవీ లేదు, ఫోటో లేదు, కింద ఎర్రక్షరాలు పరిగెత్తే గోల లేదు. ఈనాడు పేపరు కూడా అప్పటికింకా పుట్టలేదు. పూర్తి సంగతులు కావాలంటే మర్నాడు ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడంలోనే దుఃఖం ఊరుతుంది నన్నడిగితే. ఇప్పుడు ఆగేదెవరు?

కాసేపటికి పదిమంది పోగయ్యారు. ఎవరో అన్నారు, "పాటలు పెట్టవయ్యా". మేడ మీద హారన్ బిగించాను. ఏ పాట ముందు పెట్టాలి? అక్కడ మొదలైంది గొడవ. దేవదాసు అన్నాడొకడు. ఇలాంటి రోజున తాగుబోతు పాటేమిటని ఇంకొకడు కసిరాడు. శివశంకరి అన్నారు కొందరు. మావయ్య ఎవరి మాటా వినకుండా పుష్పవిలాపం తీశాడు. అది రాసిన కరుణశ్రీ మా గుంటూరు జిల్లావాడే, ఆ అభిమానం కూడా ఉండి ఉంటుంది. కుక్కబొమ్మ రికార్డు, పాతది, ముల్లు పెట్టగానే చరచర చప్పుడు. రిక్షావాళ్ళు ఆగారు, సోడా బండి ఆగింది. రెండు వైపులా అయిపోయాక కూడా ఎవరూ కదల్లేదు, ముల్లు ఖాళీ గాడిలో గరగరమంటూ తిరుగుతోంది. నేనూ మైమరచి నిలబడ్డాను. "పిన్ను అరిగిపోతోంది, తియ్యరా వెధవా!" అని మావయ్య అరిచాడు. ఏడుస్తూనే అరిచాడు.

ఇక వాదనల సంగతి. మా రోజుల్లో వాదనలు లేవని నేననను. ఇప్పటికంటే ఎక్కువే. షాపు అరుగు మీద నెలల తరబడి జరిగాయి. కానీ వాటికొక కట్టుబాటుండేది: నువ్వన్న మాట రికార్డులో చూపించాలి. అరుగు మీదికి రోజూ వచ్చేవాళ్ళలో ఒక ప్రెస్సు కంపోజిటరు ఉండేవాడు. తెనాలిలో ప్రెస్సులకేం కొదవ. పొద్దస్తమానం సీసం అక్షరాలు ఏరి ఏరి ఆ మనిషి చెవి కూడా అక్షరాలకే అలవాటు పడింది. "ఇదిగో ఇక్కడ విను, ఒత్తు పలికాడా లేదా? శ్వాస ఎక్కడ తీసుకున్నాడో చెప్పు చూద్దాం" అనేవాడు. చెప్పలేకపోతే వాదనలో ఓడినట్టే. మళ్ళీ పెట్టమనేవాడు. మళ్ళీ పెట్టేవాణ్ణి. పిన్నుల ఖర్చు మావయ్యది.

శివశంకరి గురించి ఎన్ని రాత్రులు గడిచాయో. జగదేకవీరుని కథ 1961లో వచ్చింది. పింగళి మాట, పెండ్యాల బాణీ, దర్బారీ కానడ. ఒకే టేకులో పాడాడని ఒకడు, అసాధ్యం అని ఒకడు. తెరమీద రామారావు పలువురై తానే అన్ని వాయిద్యాలూ వాయిస్తుంటే హాల్లో జనం నోళ్ళు తెరిచారు కానీ, మా కంపోజిటరు మాత్రం కళ్ళు మూసుకుని చూశాట్ట ఆ సీను. టిక్కెట్టు డబ్బులు దండగ కదయ్యా అంటే, "కళ్ళకి కాదుగా కొన్నది" అన్నాడు.

ఇంకో పేచీ మాయాబజార్ మీద. టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల అనే ఉంటుంది. కానీ లాహిరి లాహిరితో సహా నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు కట్టినవనీ, ఆయన మధ్యలో తప్పుకుంటే ఘంటసాల అందుకున్నాడనీ అంటారు. ఘంటసాల భక్తులకి ఈ మాట కారం పెట్టినట్టుండేది. రాజేశ్వరరావు పక్షంవాళ్ళు మల్లీశ్వరి రికార్డు తెప్పించి పెట్టించేవాళ్ళు, "ఈ చెయ్యే ఆ చెయ్యి, విను" అని. ఇటువాళ్ళు పాతాళభైరవి పెట్టించేవాళ్ళు. గొడవ తెగిందా? తెగలేదు. కానీ ఆ వంకన మేమంతా రెండు సినిమాల పాటలు పీల్చి పిప్పి చేశాం. ఇప్పటివాళ్ళ గొడవలోంచి ఎవడైనా ఒక్క కొత్త పాట నేర్చుకుని బయటపడ్డాడేమో చెప్పండి.

మాకంటే ముందువాళ్ళకి మేమన్నా కిట్టేది కాదు, అదీ చెప్పాలి. మా ప్రాంతమంతా పద్యనాటకాల పిచ్చి. పాండవోద్యోగ విజయాలు రాత్రంతా ఆడితే తెల్లారేదాకా కూచునే జనం. పద్యం చివర రాగం తీస్తే పావుగంట తియ్యాలి, వన్స్ మోర్ పడాలి, మళ్ళీ తియ్యాలి. ఘంటసాల వచ్చి ఆ సాగదీత కత్తిరించేశాడు. మాట విడమరిచి, అర్థం చెడకుండా, రాగం ఎంత కావాలో అంతే పెట్టి పాడాడు. ఆ ముసలాళ్ళు ఏమన్నారనుకున్నారు? "ఇది పద్యమా? పాఠం అప్పజెప్పినట్టుంది" అన్నారు. మధూకరం ఎత్తుకుంటూ విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చినవాణ్ణి, క్విట్ ఇండియాలో అలీపురం జైలుకెళ్ళొచ్చినవాణ్ణి పట్టుకుని, సినిమావాడు అని చప్పరించేశారు. పోయాక వాళ్ళే శాలువా కళ్ళకి అద్దుకున్నారు.

అదే పని మా వాళ్ళు బాలసుబ్రహ్మణ్యానికి చేశారు. ఘంటసాల పోయేనాటికి బాలుకి ఇరవై ఏడేళ్ళు. 1966 డిసెంబరులో కోదండపాణి గారి చలవతో శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్నకి మొదటి పాట పాడి, తమిళంలో ఎంజీఆర్‌కి కూడా పాడేసి, నిలదొక్కుకుంటున్న కుర్రాడు. ఘంటసాల తరవాత ఎవరు అన్న ప్రశ్న వచ్చింది. విచిత్రబంధం, భక్త తుకారాం పాటలతో నాగేశ్వరరావుకి అతికినట్టు సరిపోయాడని వి. రామకృష్ణ వైపు మొగ్గారు చాలామంది. బాలు పేరెత్తితే, "గొంతు పలచనయ్యా, కుర్రగొంతు, కృష్ణకి పనికొస్తుంది. రామారావు పద్యం ఎత్తుకుంటే తెలుస్తుంది" అని పెదవి విరిచేవాళ్ళు. అతనేం చేశాడు? ఎవరికి పాడితే వాళ్ళ గొంతులోకి దూరాడు. 1976లో మనుషులంతా ఒక్కటే వచ్చినప్పుడు ముత్యాలు వస్తావా పాట అల్లు రామలింగయ్యే పాడాడని పందెం కట్టినవాళ్ళని నేనెరుగుదును. పందెం డబ్బుతో మా షాపు ముందే పకోడీలు తిన్నారు.

1980లో శంకరాభరణం వచ్చింది. శాస్త్రీయం నేర్వని మనిషి, మహదేవన్ దగ్గరి పుహళేంది కూచోబెట్టి నేర్పితే, ఆ పాటలు పాడి జాతీయ అవార్డు కొట్టాడు. పెళ్ళివారు మైకుసెట్టు మాట్లాడుకోవడానికి వస్తే మొదట అడిగేది ఆ రికార్డు ఉందా అని. లేదంటే బేరం లేదు. ఒక సీజన్లో రికార్డు తెల్లబారిపోయింది. కచేరీ విద్వాంసులు కొందరు అప్పుడూ మూతి తిప్పారు, సరే. మా కంపోజిటరు మాత్రం విని విని, "వీడు అక్షరం తినడు" అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద బిరుదు లేదు.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, 2020 సంగతి చెప్పడానికి.

ఆగస్టు 5న బాలు కోవిడ్‌తో చెన్నైలో ఆస్పత్రిలో చేరాడు. కంగారేం లేదు, కొద్దిపాటి జలుబూ జ్వరం అని తనే వీడియోలో చెప్పాడు. ఆ మనిషి మంచం మీద ఉండగానే మొదలెట్టారు మనవాళ్ళు. ఆయనకి ఎవరి వల్ల అంటుకుందో తేల్చేశారు. ఏ టీవీ షూటింగు, ఏ గాయని, అన్నీ పేర్లతో సహా. పాపం ఆ అమ్మాయి మొత్తుకుంది. ఎవడు వింటాడు? రోజూ సాయంత్రం ఆస్పత్రి బులెటిన్, కొడుకు చరణ్ వీడియో. మా ఇంట్లో మనవడు వెంటిలేటర్ నుంచి ఎక్మో దాకా అన్నీ నాకు బోధపరిచాడు. నిన్న ఏ పాట విన్నావురా అంటే బిక్కమొహం వేశాడు.

ఆ రెండు నెలల్లో నాకు నచ్చిందొకటి ఉంది, దాచుకోను. ఆగస్టు 20 సాయంత్రం ఆరింటికి ఎవరింట్లో వాళ్ళు బాలు పాట పెట్టి ప్రార్థన చెయ్యమని భారతీరాజా, ఇళయరాజా వాళ్ళు పిలుపిచ్చారు. మా వీధిలో కూడా పెట్టారు. ఒక్కో ఇంట్లోంచి ఒక్కో పాట, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఏదీ సరిగ్గా వినపడలేదు, ఆ మాట వేరు. నేను పాత యాంప్లిఫయరు తీశాను. పని చేసింది. మా ఆవిడ, "రోగిష్టివాళ్ళున్న వీధి, సౌండు తగ్గించండి" అంది. తగ్గించాను.

సెప్టెంబరు 25, శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట నాలుగు నిమిషాలకి పోయాడు. నిమిషంతో సహా ఎలా గుర్తుందంటే, మరిచిపోనిస్తేనా? టీవీలో ఆ అంకె సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది. మర్నాడు తిరువళ్ళూరు జిల్లా తామరైపాక్కంలో సొంత తోటలో ఖననం చేశారు. తమిళనాడు పోలీసులు తుపాకులు పేల్చి గౌరవవందనం ఇచ్చారు.

అప్పుడు చూడాలి వాదనలు! దహనం చెయ్యకుండా పూడ్చారేమిటని ఒకడు. కుటుంబాల ఆచారాలు వీడికెందుకు? నటుడు విజయ్ వచ్చాడు, అజిత్ రాలేదేమని ఇంకొకడు. తమిళనాట ఆ ఇద్దరి అభిమానులూ శవం ముందు పెట్టుకుని కొట్టుకున్నంత పని చేశారు. అజిత్ రావడం రాకపోవడం ఇప్పుడు ముఖ్యమా అని చరణే అడగాల్సొచ్చింది. ఆ రద్దీలో ఎవరిదో చెప్పు జారితే విజయ్ తీసి అందించాడట, ఆ వీడియో చూసినంతమంది బాలు పాట విన్నారా ఆ రోజు అని నా అనుమానం. ఆ పైన ఆస్పత్రి బిల్లు కడితేగానీ శవాన్ని ఇవ్వలేదని పుకారు. తండ్రిని మట్టి చేసి వచ్చిన కొడుకు, డాక్టర్లతో కలిసి కూచుని, అది అబద్ధం బాబూ అని పత్రికలవాళ్ళకి చెప్పుకోవాలి. మైల కూడా తీరలేదు.

తరవాత పెద్ద వాదన: మనవాడా, వాళ్ళవాడా? పుట్టిన కోనేటమ్మపేట ఇప్పుడు తమిళనాడులో ఉంది. పెరిగింది నెల్లూరు. హరికథలు చెప్పిన సాంబమూర్తి గారబ్బాయి. అనంతపురంలో ఇంజనీరింగు మొదలెట్టి, టైఫాయిడ్ వచ్చి వదిలేసి, మద్రాసు చేరాడు. తమిళులు పాడే చందమామ అని పిలుచుకున్నారు. కన్నడిగులు మావాడే అన్నారు. హిందీవాళ్ళకి ఏక్ దూజే కే లియే ఉంది, సల్మాన్ ఖాన్ పాటలున్నాయి. ఆరు జాతీయ అవార్డులు నాలుగు భాషల్లో తెచ్చుకున్న మనిషికి సరిహద్దు రాళ్ళు పాతుతారేమిటయ్యా? ఘంటసాలకి ఈ బాధ లేదు. ఆయన తెలుగువాడన్నది ఎవరూ పేచీ పెట్టని సంగతి, అంచేత పేచీ పెట్టేవాళ్ళు కులం దగ్గరికి పోతారు. అది నేను రాయను.

అంకెల గోల ఇంకోటి. నలభై వేల పాటలంటారు. మా మనవడు గిన్నిస్ అంటాడు. నేను చిత్తుకాగితం మీద వేసి చూశాను. 1966 నుంచి 2020 దాకా యాభై నాలుగేళ్ళు. నలభై వేలంటే ఏడాదికి ఏడొందల నలభై, పండగా పబ్బం లేకుండా రోజుకి రెండు. పాడి ఉండొచ్చు, కన్నడ సినిమాలకి ఒక్కరోజులో ఇరవై ఒక్కటి పాడాడని చెబుతారు కూడా. కాదనడానికి నేనెవర్ని? అందులో నువ్వు విన్నవెన్ని అని అడిగితే మాత్రం వందలోపే తేలుతుంది మనవడి లెక్క. వినని ముప్ఫై తొమ్మిదివేల తొమ్మిదొందల కోసం అవతలివాడితో యుద్ధం. అవతలివాడు ఏసుదాసు లెక్కతో వస్తాడు. సంతలో పశువుల పళ్ళు లెక్కపెట్టినట్టు.

ఘంటసాల గొప్పా బాలు గొప్పా అని సవాళ్ళు. ఈ ప్రశ్న అడిగేవాడెవడికీ రికార్డింగు ఎలా జరిగేదో తెలీదు. ఘంటసాల నాటికి గాయకుడూ వాద్యాలవాళ్ళూ అందరూ కలిసి ఒకేసారి పాడి వాయించాలి. వయొలిన్‌వాడు తప్పు కొడితే పాట మొదటికొస్తుంది. చివరి చరణంలో ఆ గొంతులో వినిపించే బడలిక కొన్నిసార్లు నిజం బడలికే. బాలు అందులోనే మొదలెట్టి, ట్రాకుల కాలంలోకి వచ్చి, ముక్క ముక్కగా పాడి అతికించే కాలం దాకా నిలిచాడు. రెండూ తెలిసినవాడు. పైగా డబ్బింగు. గాంధీ తెలుగులో మాట్లాడితే ఆ గొంతు ఈయనదే, కమలహాసన్ తెలుగు గొంతూ ఈయనదే. ఎవరి పని వాళ్ళది. బాలుని అడిగితే ఏం చెప్పేవాడో అందరికీ తెలుసు, 1996 నుంచి పాడుతా తీయగా చూసినవాళ్ళందరికీ. ఘంటసాల పేరెత్తితే ఆ కుర్చీలో సర్దుకుని కూచునేవాడు. పదేళ్ళ పిల్ల పాడితే శకారం సకారం దిద్దేవాడు, ఊపిరి ఎక్కడ తియ్యాలో చూపించేవాడు. మా కంపోజిటరు అరుగు మీద చేసిన పనే. నన్నడిగితే నలభై వేల పాటలకంటే అది ఎక్కువ.

ఇళయరాజాతో తగవు ఇంకా తవ్వుతూనే ఉన్నారు. 2017లో అమెరికా కచేరీల మధ్యలో, అనుమతి లేకుండా నా పాటలు పాడొద్దని ఆయన నోటీసు పంపాడు. నిజమే. తరవాత ఇద్దరూ కలిసిపోయారు. బాలు ఆస్పత్రిలో ఉంటే లేచి రమ్మని ఆయన కన్నీళ్ళతో పిలిచాడు. వాళ్ళు రాజీపడ్డారు, వీళ్ళింకా పడలేదు.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది భగవద్గీత విషయంలో. ఘంటసాల ఒంట్లో బాగుండక ఇబ్బంది పడుతున్న రోజుల్లో, పోవడానికి కొద్దికాలం ముందు రికార్డు చేసిన శ్లోకాలవి. మధ్యలో తెలుగు తాత్పర్యం కూడా ఆయన గొంతే. ఆ రికార్డు వచ్చిన కొత్తలో మేము వేసింది గుళ్ళలో, పొద్దున పూట. నవమి పందిట్లో. గృహప్రవేశానికి వేసినా ఎవరూ వింతగా చూడలేదు. ఎప్పుడు మారిందో సరిగ్గా చెప్పలేను, క్యాసెట్లు వచ్చాక అనుకుంటాను. చావింటివాళ్ళు అడగడం మొదలెట్టారు. మంచిదే, ఆ సమయంలో ఆ మాటలు వినదగ్గవే. కానీ ఇప్పుడు వైకుంఠరథం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. ఎవరింట్లోనైనా పెట్టారంటే పక్కింటివాళ్ళు కిటికీలోంచి తొంగి చూసి, "ఎవరు పోయారండీ?" అంటారు. పోయినేడు నేను పొద్దున్నే కాఫీ తాగుతూ పెట్టుకున్నాను, పాలవాడు చెప్పులు విప్పి, తలగుడ్డ తీసి లోపలికొచ్చాడు. నేను బతికే ఉన్నానని చెప్పి పంపాల్సొచ్చింది. ఒక జాతి గొంతని నెత్తిన పెట్టుకున్న మనిషిని శవాల బండికి హారన్ చేసి కూచోబెట్టాం. భారతరత్న ఇమ్మని అమెరికా నుంచి అడుగుతున్నారు, ఇస్తే సంతోషమే. బాలుకీ ఇమ్మని అప్పటి ముఖ్యమంత్రి జగన్ ప్రధానికి రాశాడు. 2021లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఈలోగా ఆ గీతని పొద్దున పూట నిర్భయంగా వినే రోజు తెప్పిస్తే నాకు చాలు.

ఇప్పుడు కొత్తది వచ్చింది. పోయినవాళ్ళ గొంతు మిషనుతో పుట్టిస్తున్నారు. 2023లో వచ్చిన కీడా కోలా సినిమాలో బాలు గొంతుని అలా వాడారని, తమని అడగలేదని చరణ్ నోటీసు పంపాడు. రహమాన్ లాల్ సలామ్‌కి పోయిన ఇద్దరు గాయకుల గొంతులు పుట్టిస్తే, వాళ్ళ ఇళ్ళవాళ్ళని అడిగి, డబ్బిచ్చి చేశానన్నాడు. అడిగి చెయ్యడం నయం, ఒప్పుకుంటాను. కానీ మనవడు మొన్న ఘంటసాల గొంతుతో ఈ ఏటి కొత్త పాట ఒకటి తెచ్చి వినిపించి, "ఎలా ఉంది తాతయ్యా?" అన్నాడు. గొంతు అచ్చంగా అదే. గుండె జల్లుమంది, నిజం చెప్పాలి. రెండోసారి పెట్టమన్నాను. ఊపిరి కోసం వెతికాను. ఎక్కడా తీసుకోలేదు, పల్లవి నుంచి చివరిదాకా. మా రోజుల్లో ఊరికో జూనియర్ ఘంటసాల ఉండేవాడు. పెళ్ళి ఆర్కెస్ట్రాలో కోటు తొడుక్కుని, పై స్థాయి వచ్చేసరికి మెడ నరాలు ఉబ్బి, అందక, మైకు దూరంగా జరిపేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు, అందలేదని తెలిసే కొట్టేవాళ్ళు.

ఫిబ్రవరిలో ఘంటసాల వర్ధంతి, సెప్టెంబరులో బాలు వర్ధంతి, మా ఊళ్ళో రెండూ చేస్తారు. సౌండు ఇప్పటికీ నేనే చూస్తాను, అలవాటు చావక. పాడేవాళ్ళు కరావోకే ట్రాకు తెచ్చుకుంటారు, శ్రుతి రెండు మెట్లు దింపి. సాహిత్యం ఫోనులో చూసి పాడతారు, మధ్యలో ఎవడో ఫోను చేస్తే పాట ఆగుతుంది. అదన్నా భరిస్తాను. పాటల దాకా వస్తే కదా! ముందు జ్యోతి ప్రజ్వలన, తరవాత ముఖ్య అతిథి, ఆయన ఆలస్యంగా వచ్చి తన చిన్నతనం గురించి ముప్పావుగంట, ఆపైన శాలువాలు, మెమెంటోలు, గ్రూపు ఫోటోలు. పాటలు మొదలయ్యేసరికి కుర్చీలు ఎత్తేవాళ్ళు వచ్చి నిలబడతారు.

ఈసారి కమిటీవాళ్ళకి గట్టిగా చెప్పాను: ముందు పాటలు, సన్మానాలు చివర్న. లేకపోతే మైకు వేరేవాణ్ణి చూసుకోండి అన్నాను. పెద్దవారు మీరు చెప్పాక తిరుగేముంది బాబాయిగారూ అన్నారు. నిన్న ఆహ్వానపత్రిక అచ్చయి వచ్చింది. ఆరింటికి జ్యోతి ప్రజ్వలన, ఆరున్నరకి ప్రముఖుల ప్రసంగాలు, ఏడున్నరకి సన్మానాలు, పాటలు సమయానుకూలంగా. సన్మానం అందుకునేవాళ్ళ జాబితాలో కింద నుంచి మూడో పేరు నాది. మా ఆవిడ అప్పుడే పట్టుపంచె ఇస్త్రీకి పంపించేసింది.